ప్రోగ్రామునకు వ్యాఖ్యానము

తెలుగు తరగతిలో పద్యపాఠమునకు ఒక క్రమము కలదు. ఉపాధ్యాయుడు మొదట పద్యమును చదువును. పిమ్మట పదవిభాగము చేయును. ఛందస్సు నిర్బంధముచే కవి వెనుకముందులు చేసిన పదములను వాక్యక్రమమున కూర్చి అన్వయము చూపును. ప్రతిపదార్థమును, తాత్పర్యమును చెప్పిన తరువాతగాని పాఠము ముగిసినట్లు భావింపడు. పద్యమును తడబడక అప్పగించియు తాత్పర్యము చెప్పలేని విద్యార్థికి ఆ పద్యము వచ్చినదని ఏ ఉపాధ్యాయుడును ఒప్పుకొనడు.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున ఈ మర్యాద చాలచోట్ల కానరాదు. ప్రోగ్రాము అనగా యంత్రమునకు మనుజుడు వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుస. ఆ ఆజ్ఞల మూలపాఠమునకు సోర్సు కోడు అని పేరు. యంత్రము దానిని గ్రహించి పని చేసినచో చాలునను తృప్తితో వ్రాసినవాడు లేచిపోవును. అది ఎందుకు అట్లు వ్రాయబడినదో, వేరొక మార్గమును ఏల విడువవలసి వచ్చెనో అతని మనస్సునందే నిలిచిపోవును. కొంతకాలమునకు అతనికిని జ్ఞాపకముండదు. మూలము మిగులును, తాత్పర్యము నశించును.

తూర్పు నగరపు విద్యార్థులు

హైదరాబాదు నగరమునకు తూర్పుదెస నున్న చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. విజయవాడ బాట నగరమును ప్రవేశించునది ఈ దెసనుండియే. దిల్‌సుఖ్‌నగర్ వీథులలో కంప్యూటరు భాషలు నేర్పు శిక్షణ కేంద్రములు, వసతిగృహములు, పుస్తకముల అంగళ్లు, జిరాక్సు దుకాణములు ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండును. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట, ఎల్.బి.నగర్‌ల నడుమ మెట్రో రైలు నడక మొదలైన తరువాత, నగరపు పడమటి భాగమునందలి సాఫ్ట్‌వేరు కార్యాలయములు ఈ పేటల యువకులకు మరింత చేరువయ్యెను.

ఇంజనీరింగు చివరి యేట ప్రతి విద్యార్థియు ఒక ప్రాజెక్టు చేసి నివేదిక సమర్పింపవలెను. ఆ నివేదికలు సిద్ధమగు తీరు గమనింపదగినది. ముందుగా ప్రోగ్రాము ఏదో విధముగా నడచును. గడువునకు రెండు మూడు దినముల ముందు పీఠిక యొకచోటనుండి, పటములు మరొకచోటనుండి వచ్చి చేరును. సోర్సు కోడు వెనుకపుటలలో అనుబంధముగా అచ్చగును. జిరాక్సు దుకాణమున స్పైరల్ బైండింగుతో గ్రంథము సమాప్తము. ఇట్టి నివేదికలో వివరణ ఒక దారిని, ప్రోగ్రాము ఒక దారిని పోవుచుండును. ప్రోగ్రామును తరువాత మార్చినచో వివరణ మారదు. వివరణలో తప్పున్నచో ప్రోగ్రామునకు తెలియదు. రెండింటికిని బంధుత్వము బైండింగు తీగ మాత్రమే.

ఉద్యోగమున చేరిన దినమున దీని ఫలము అనుభవమునకు వచ్చును. సాఫ్ట్‌వేరు ఉద్యోగమనగా ఎల్లప్పుడును క్రొత్త ప్రోగ్రాములు వ్రాయుట కాదు. ఇతరులు వ్రాసినదానిని చదివి, అర్థము చేసికొని, చెడకుండ సవరించుట అందు పెద్దభాగము. 1990ల దశకపు చివర తెలుగు యువకులు వేలాదిగా అమెరికాకు తరలిపోవుటకు ఒక ముఖ్యకారణము ఇట్టి పనియే. పూర్వము యంత్రములలో జ్ఞాపకశక్తికి వెల హెచ్చు. అందుచే సంవత్సరమును నాలుగంకెలకు మారుగా కడపటి రెండంకెలతో వ్రాసి పొదుపు చేసిరి. 2000వ సంవత్సరము వచ్చినచో అది 1900గా తలపబడునను భయము పుట్టెను. సవరణ చిన్నదే. కాని ఆ రెండంకెలు ఏయే ప్రోగ్రాములలో, ఏయే పేర్లచాటున దాగియున్నవో వెదకుట పెద్దపని యయ్యెను. వ్రాసినవారిలో పలువురు పదవీవిరమణ చేసిరి. మూలమున్నది, చెప్పువారు లేరు. ఒక తరము వ్రాయక విడిచిన తాత్పర్యమును వేరొక దేశపు యువకులు కూలికి వెదకవలసివచ్చెను.

క్నూత్ పండితుని ఉపాయము

మూలమును వ్యాఖ్యయు విడిపోకుండ ఒకే రచనగా వ్రాయవచ్చునని చేసి చూపినవాడు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్. 1938లో జన్మించిన ఈ గణితజ్ఞుడు కంప్యూటరు శాస్త్రమున బృహద్గ్రంథమును సంపుటములుగా వెలువరించుచున్నాడు. 1977లో అందలి రెండవ సంపుటము క్రొత్త కూర్పునకు ఫోటో పద్ధతిని చేసిన ప్రూఫులు వచ్చినపుడు, పూర్వపు సీసపుటక్షరముల అచ్చుతో పోల్చగా అవి ఆయనకు మిక్కిలి వికారముగా తోచినవి. గణితసూత్రములను అందముగా కూర్పగల ప్రోగ్రామును తానే వ్రాయ నిశ్చయించెను. అదియే టెక్. కొన్ని మాసముల పనియనుకొన్నది పదేండ్లకు పైగా పట్టెను.

టెక్ ప్రోగ్రామును లోకమునకు ప్రకటింపవలెనని ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ ఆయనను ప్రోత్సహించెను. పదిమంది చదువుటకు తగినట్లు ప్రోగ్రామును వ్రాయుటెట్లు? ఈ ప్రశ్ననుండి వెబ్ అను పద్ధతి పుట్టినది. 1982లో టెక్‌ను క్రొత్తగా ఈ పద్ధతిలోనే వ్రాసెను. 1984లో ఒక పత్రికావ్యాసమున దీనికి లిటరేట్ ప్రోగ్రామింగు అని పేరుపెట్టెను. అక్షరజ్ఞానముతో, సాహిత్యమర్యాదతో చేయు ప్రోగ్రాము రచన యని దాని భావము. యంత్రము ఏమి చేయవలెనో యంత్రమునకు చెప్పుట కాదు, యంత్రముచే ఏమి చేయింపదలచితిమో సాటిమనుష్యునకు తెలుపుట ప్రోగ్రాము కర్త పని యని ఆయన సిద్ధాంతము.

పద్ధతి యిది. గ్రంథకర్త ఒకే ఫైలులో, చిన్న చిన్న విభాగములుగా వ్రాసికొనిపోవును. ఒక్కొక్క విభాగమున మూడు భాగములుండవచ్చును: మొదట మామూలు భాషలో వివరణ, పిదప అవసరమైన నిర్వచనములు, చివర కోడు. ఆ ఫైలునకు రెండు సాధనములు కలవు. టాంగిల్ అనునది వివరణలను తొలగించి, కోడు ముక్కలను యంత్రమునకు కావలసిన వరుసలో చేర్చి యిచ్చును. అది చూచుటకు చిక్కుపడిన నూలువలె ఉండును. మనుష్యులు చదువదగినది కాదు. టాంగిల్ అను మాటకు అర్థమే చిక్కు. వీవ్ అనగా నేయుట. ఈ సాధనము అదే ఫైలును టెక్‌తో కూర్చి అందమైన గ్రంథముగా నేయును. భాషలోని ముఖ్యపదములను బొద్దు అక్షరములలో వేయును. ఈ ముక్క ఏయే విభాగములలో వాడబడినదో అడుగున అంకెలతో చూపును. ప్రోగ్రాములో వచ్చు ప్రతి పేరును చివర అకారాదిగా సూచికలో చేర్చి, అది నిర్వచింపబడిన విభాగపు అంకె క్రింద గీత గీయును. అచ్చుకూర్పు సాధనము ఇందు అలంకారమునకు కాదు. చదువరికి దారి చూపుటకు.

ఇందలి ప్రధాన రహస్యము వరుస. యంత్రమునకు నచ్చు వరుస వేరు, మనుజునకు బోధపడు వరుస వేరు. 1986లో పుస్తకముగా వెలువడిన టెక్ ప్రోగ్రామునందు 1380 విభాగములు కలవు. ప్రధాన ప్రోగ్రాము 1332వ విభాగమున గాని కానరాదు. యంత్రము ఎక్కడ ఆరంభించునో అది చదువరికి గ్రంథాంతమున లభించును. అంతకుముందు వలసినదంతయు అతడు నేర్చికొనియుండును.

తెలుగునేలలోని పూర్వులు

అన్వయము నెరిగిన తెలుగు ఉపాధ్యాయునకు ఇది క్రొత్తవింత కాదు. కవి ఛందస్సునకు లోబడి పెట్టిన వరుసను వ్యాఖ్యాత బుద్ధికి లోబడు వరుసగా మార్చును. ఈ పనిలో భారతదేశమంతటికిని గురువైన మల్లినాథసూరి తెలంగాణమువాడే. మెదకు జిల్లాలోని కొలిచెలమ, నేటి కొల్చారము, ఆయన వంశమువారి యూరు. కాళిదాసు కావ్యములకు సంజీవనియు, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘమునకు సర్వంకషయు ఆయన వ్యాఖ్యలు. ఆధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన పూనిన నియమము. ప్రోగ్రామునకు వివరణ వ్రాయువాడు ఇంతకన్న మంచి నియమమును వెదకికొననక్కరలేదు.

1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణపు కూర్పును చూడుడు. ప్రతి సూత్రమునకును వెనువెంటనే వృత్తియు ఉదాహరణములును కలవు. సూత్రములన్నియు ఒక పుస్తకమున, వివరణలన్నియు మరొక పుస్తకమున వేసినచో విద్యార్థి గతి యేమి? ఏ సూత్రమునకు ఏ ఉదాహరణమో వెదకుటతోనే ప్రొద్దుపోవును.

ఒక ఉదాహరణము

వివరణ లేనిచో కలుగు నష్టమును ఛందస్సునుండియే చూపవచ్చును. మూడక్షరముల గణములు ఎనిమిది యని విద్యార్థులెరుగుదురు. వానిని ఒకటియు తప్పకుండ వ్రాయు పద్ధతికి ప్రస్తారము అని పేరు. పింగళుని సూత్రములు మిక్కిలి క్లుప్తములు. 10వ శతాబ్దమునందలి హలాయుధుని వ్యాఖ్య వానిని విశదపరచెను. గురువునకు గ, లఘువునకు ల అని పెట్టి ఆ పద్ధతిని ఇట్లు చెప్పవచ్చును. మొదటి పంక్తి యంతయు గురువులు. తరువాతి పంక్తికై, పై పంక్తిలో ఎడమనుండి తొలుత కనిపించు గురువు క్రింద లఘువు నుంచవలెను. దానికి కుడిప్రక్క పై పంక్తిలో నున్నది యున్నట్లు దింపవలెను. ఎడమప్రక్క మిగిలిన తావులను గురువులతో నింపవలెను. గురువు లేని పంక్తి వచ్చినప్పుడు ఆగవలెను.

ఈ చొప్పున గగగ, లగగ, గలగ, లలగ, గగల, లగల, గలల, లలల అని ఎనిమిది పంక్తులు వచ్చును. మ, య, ర, స, త, జ, భ, న గణములివియే. కంప్యూటరు భాషలో ఈ ప్రోగ్రాము పది పంక్తులకు మించదు. కాని ఆ పది పంక్తులలో అది ఏల పనిచేయుచున్నదో ఎక్కడను వ్రాసి యుండదు. గురువును సున్నగను, లఘువును ఒకటిగను, ఎడమ చివరను ఒకట్ల స్థానముగను తలచినచో గుట్టు బయటపడును. ఇది రెండే అంకెల లెక్కలో సున్ననుండి ఏడువరకు ఒక్కొక్కటి కలుపుకొనిపోవుటయే. ఎడమ తావులను గురువులతో నింపుట యనగా, తొమ్మిదికి ఒకటి కలిపినపుడు సున్న వేసి ఒకటిని తరువాతి స్థానమునకు పంపుట వంటిది. సున్ననుండి ఏడువరకు లెక్కించువాడు ఏ సంఖ్యను రెండుమారులు చెప్పడు, ఏ సంఖ్యను విడువడు. కావున ఎనిమిది గణములును ఒక్కొక్కమారే వచ్చును. తాత్పర్యమనగా ఇది.

ఇపుడు వివరణలేని ప్రోగ్రాము క్రొత్తవాని చేతికి వచ్చినదనుకొనుడు. ఎడమ తావులను నింపు పంక్తి అనవసరమని తలచి అతడు దానిని కొట్టివేసెను. ప్రోగ్రాము ఆగదు, తప్పని కేక వేయదు. గగగ, లగగ, లలగ, లలల అని నాలుగు పంక్తులు వ్రాసి సుఖముగా ముగియును. ర, త, జ, భ గణములు మాయమగును. భ, ర గణములు లేని ఉత్పలమాల లేదు. జ, భ, ర గణములు లేని చంపకమాల లేదు. భ, ర గణములు లేని మత్తేభము లేదు. జ, త గణములు లేని శార్దూలము లేదు. ఒక్క పంక్తిని తొలగించుటతో నాలుగు ప్రసిద్ధ వృత్తములును లోకమునుండి పోవును! ఆ పంక్తికి ప్రక్కన రెండు వాక్యముల వివరణ యున్నచో ఈ అనర్థము తప్పియుండును. పింగళుని ఈ ప్రస్తారమును క్నూత్ సైతము తన బృహద్గ్రంథపు నాల్గవ సంపుటమున, 2006లో వెలువడిన భాగమునందు, చరిత్రలో భాగముగా ప్రస్తావించెను.

ఆక్షేపణలు, సమాధానములు

ఈ పద్ధతికి ఆక్షేపణలు లేకపోలేదు. 1986లో జాన్ బెంట్లీ అను శాస్త్రజ్ఞుడు తన పత్రికాశీర్షికలో క్నూత్‌ను ఒక ప్రోగ్రాము వ్రాయుమని కోరెను. ఒక గ్రంథమున హెచ్చుగా వచ్చు మాటలను లెక్కించి క్రమముగా చూపుట దాని పని. క్నూత్ దానిని వెబ్ పద్ధతిలో పలు పుటల రచనగా సమర్పించెను. దానిని విమర్శించిన డగ్ మెకిల్‌రాయ్, ఆ రచనలోని పనితనమును మెచ్చుకొనుచునే, యూనిక్స్‌లో ముందే సిద్ధముగా నున్న ఆరు చిన్న సాధనములను వరుసగా కలిపి అదే పనిని సాధించి చూపెను. అక్కరలేని కోడునకు ఎంత చక్కని వ్యాఖ్య వ్రాసినను ప్రయోజనము లేదని దీని సారాంశము. ఇది వ్యాఖ్యను నిందించుట కాదు. మల్లినాథుని నియమములో రెండవ సగమును గుర్తుచేయుట.

రెండవ ఆక్షేపణ శ్రమ. ప్రోగ్రాము వ్రాయుటయు, చక్కని గద్యము వ్రాయుటయు రెండును వచ్చినవారు అరుదు. వెబ్ పద్ధతి యథాతథముగా లోకమంతట వ్యాపింపకపోవుటకు ఇది ఒక హేతువు. అయినను దాని సంతానము అనేకము. క్నూత్, సిల్వియో లెవీ కలిసి సి భాషకు సివెబ్ చేసిరి. నార్మన్ రామ్సే ఏ భాషకైనను పనికివచ్చు నోవెబ్ చేసెను. టెక్‌పై నిర్మింపబడిన లేటెక్ పరివారమున కోడును, దాని వివరణను ఒకే ఫైలులో వ్రాసి, కావలసినపుడు వేరుచేయు పద్ధతి నేటికిని నడచుచున్నది. గణాంకశాస్త్రజ్ఞులకై 2002లో స్వీవ్ అను సాధనమును, తరువాత నిట్టర్ అనునదియు వచ్చినవి. విద్యార్థులు నేడు వాడు జూపిటర్ నోట్‌బుక్కులలో వివరణ, కోడు, ఫలితము ఒకే పుటలో నిలుచుటయు ఈ వంశపు లక్షణమే.

చదువదగిన ప్రోగ్రామునకు చదువరులు లేకపోరు అనుటకు మరొక నిదర్శనము కలదు. 1976లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు యూనిక్స్ ఆరవ కూర్పు కోడును, తన విద్యార్థులకై వ్రాసిన వ్యాఖ్యతో రెండు పుస్తకములుగా సిద్ధపరచెను. 1979లో వచ్చిన ఏడవ కూర్పు నిబంధనలు కోడును తరగతిలో బోధించుటను నిషేధించినవి. అయినను లయన్స్ పుస్తకము జిరాక్సు ప్రతులుగా, ప్రతులకు ప్రతులుగా దేశదేశముల విద్యార్థుల చేతులలో తిరిగెను. 1996లో గాని అది బహిరంగముగా అచ్చుకాలేదు. జిరాక్సు యంత్రము నివేదికలను నకలు చేయుటకే కాదు, విద్యను కాపాడుటకును ఉపకరించెనన్నమాట.

తెలుగులో వ్రాయవచ్చునా?

ప్రోగ్రాము వివరణను తెలుగులో వ్రాయుటకు నేడు యంత్రపు అడ్డంకి లేదు. 1990ల దశకముననే విదేశములందలి తెలుగువారు టెక్‌కు తెలుగు అక్షరములను సమకూర్చిరి. యూనికోడు తెలుగునకు తావిచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరరూపములు అందరికిని ఉచితముగా లభించినవి. 2004లో జోనథన్ క్యూ వెలువరించిన జీటెక్ యూనికోడు పాఠమును నేరుగా స్వీకరించి, గుణింతములను వత్తులను సరిగా కూర్చును. ఆ జీటెక్ క్నూత్ టెక్‌ను పెంచి చేసినదే; క్నూత్ తన ప్రోగ్రామును చదువదగినట్లు వ్రాసియుంచెను గనుక ఇతరులు దానిని పెంపగలిగిరి. తెలుగు వత్తు ఆ సాధనమున చక్కగా అచ్చగుటలో, ఒక ఆచార్యుడు ఓపికతో వ్రాసిన వ్యాఖ్యకును పాలు కలదు.

తన తప్పులను సైతము ఆయన దాచలేదు. టెక్‌లో కనుగొన్న దోషముల పట్టికను కారణములతో 1989లో ప్రకటించెను. దోషము చూపినవారికి బహుమతిని యేటేట పెంచి 327 డాలర్ల 68 సెంట్ల వద్ద నిలిపెను. తప్పు దొరకుటకు మూలము చదువదగినదై యుండవలెను. అట్టి మూలమును వ్రాసినవానికే ఇట్టి పందెము వేయు ధైర్యముండును.

ఉపాధ్యాయులు చేయదగిన పని స్వల్పము. విద్యార్థి ప్రోగ్రామును చూపినపుడు, నడచినదా యని అడుగుటతో ఆగక, తాత్పర్యము చెప్పుమని అడుగవలెను. ప్రతి ముఖ్యమైన పంక్తికిని ఏమి చేయుచున్నదో కాక, ఏల చేయుచున్నదో వ్రాయింపవలెను. ఆ వివరణను ప్రోగ్రాము ముగిసిన పిమ్మట కాక, దానితోకూడ, అదే ఫైలులో వ్రాయింపవలెను. ఆంగ్లమున తడబడు విద్యార్థి తెలుగులో వ్రాసినను దోషము లేదు. ఆలోచన స్పష్టమగుట ముఖ్యము. ఏల అను ప్రశ్నకు మాట దొరకని చోట సాధారణముగా ప్రోగ్రాములోనే తప్పు దాగియుండును. వ్రాయబోయి ఆగిన కలమే ఆ తప్పును మొదట పట్టియిచ్చును.

చంపాపేట అద్దెగదిలో ఈ రాత్రి ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి, నాలుగేండ్లకు వేరొకరి ప్రోగ్రామును చదువవలసినవాడు. అతని ప్రోగ్రామును వేరొకరు చదువవలసియుండును. ఎదుటివాడు తనకు ఏమి వ్రాసియుంచిన బాగుండునని కోరునో, దానిని తాను ముందుగా వ్రాసియుంచుట అతని ధర్మము. మూలమును యంత్రము చదువును. తాత్పర్యమును చదువవలసినవాడు మనుష్యుడు.